ప్రారంభోత్సవం ఫొటో చాలదు, గోడల మీద ఏముందో రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సిటీ పేజీల్లో ఆర్ట్ గ్యాలరీ గురించి వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రిబ్బన్ కత్తిరిస్తున్న అతిథి, పక్కన నిలబడ్డ నలుగురు, కింద రెండు వాక్యాలు, అంతే. ఆ ఫొటోలో బొమ్మ ఒక్కటి కూడా సరిగ్గా కనిపించదు. ప్రదర్శన ఎప్పటిదాకా ఉంటుందో, ఎన్నింటికి తెరుస్తారో, టికెట్ ఉందో లేదో ఏమీ ఉండదు. నల్లకుంట వైపు మా కమ్యూనిటీ హాలు పై అంతస్తులో ఒక చిన్న గ్యాలరీ నడుస్తోంది, నాకు ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్లి సందర్శకుల పుస్తకం దగ్గర కూర్చుంటాను. ఏడాదంతా అక్కడ ఇన్ని రకాల ప్రదర్శనలు జరిగితే, మీ పత్రికలో వచ్చింది ఒక్క ప్రారంభోత్సవం ఫొటో. అందులోనూ ఆ ప్రదర్శన దేని గురించో లేదు.

సంక్రాంతి వెళ్లాక చేర్యాల పటాలు పెట్టారు. చేర్యాల అనగానే మనలో చాలామందికి గోడకు తగిలించే మాస్కులే గుర్తొస్తాయి, అసలు పటం సంగతి వేరు. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యంలో కథంతా పైనుంచి కిందికి గడులు గడులుగా గీస్తారు నకాషీలనే చిత్రకారులు. ఇంటి గోడకు అందం కోసం పుట్టింది కాదది. కథ చెప్పేవాళ్లు ఊరూరా మోసుకెళ్లి, వేలాడదీసి, ఒక్కో గడీ విప్పుతూ పాడే పటం. పద్మశాలీలకు కూనపులి అనే కథకులు మార్కండేయ పురాణం చెబుతారు, గౌడులకు గౌడ పురాణం, రజకులకు మడేల్ పురాణం, ఇలా ఏ కులానికి ఆ కథ, దానికో పటం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దాయన, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఈ కథ విన్నారట, మార్కండేయుడి గడి దగ్గర ఆగి పక్కనున్న పిల్లలకు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి పెద్దవాళ్లు కూడా వెనక చేరి వింటున్నారు. గ్యాలరీ వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే ప్రతి గడి పక్కనా కథను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. నగరంలో చాలాచోట్ల బొమ్మ కింద చీటీ ఇంగ్లీషులోనే ఉంటుంది, అది చదవలేనివాళ్లు బొమ్మ ముందు నుంచి గబగబా దాటిపోతారు. ఇక్కడ అలా దాటిపోయినవాళ్లు తక్కువ.

రంజాన్ నెలలో ఉర్దూ ఖత్తాతీ, అంటే అందమైన చేతిరాత. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చేయించుకున్న ఇళ్లు మా కాలనీలో చాలానే ఉన్నాయి, కానీ ఆ అక్షరం వెనక ఎంత లెక్క ఉందో ఎవరికీ తెలీదు. రెల్లు కలం కొనను ఏటవాలుగా చెక్కుతారు, ఆ కలంతో పెట్టిన చుక్కే కొలబద్ద, ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తుండాలి, ఎన్ని చుక్కల వెడల్పుండాలి అన్నది దాన్నిబట్టే. కాతిబ్ గారు, అంటే ఆ చేతిరాత రాసే ఆయన, చుక్కలు పెట్టి చూపించారు. ఉర్దూ అక్షరం ముక్క రాని నేను కూడా ఆ తర్వాత గోడ మీది ప్రతి గీతనూ చుక్కలతో కొలుచుకుంటూ చూశాను.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎండాకాలంలో పెట్టిన ఎచింగ్‌ల, అంటే లోహపు రేకు మీద గీసి కాగితానికి అచ్చు తీసే బొమ్మల ప్రదర్శన. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్న కుర్రాళ్లు కొందరు కలిసి పెట్టారు. వచ్చినవాళ్లలో సగం మంది అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇది ప్రింటే కదా, జిరాక్స్ లాంటిదే కదా, దీనికింత ధరేంటి అని. అడగడం న్యాయమే, ఎందుకంటే వాళ్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ పిల్లలు విసుక్కోకుండా ఒక జింకు రేకు తెచ్చి చూపించారు. రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీత పడ్డ చోట మాత్రమే లోహాన్ని తినేస్తుంది, ఆ గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్సు తిప్పితే గాటులోని సిరా కాగితానికి ఎక్కుతుంది. ప్రతి కాపీకీ మళ్లీ సిరా నింపాలి, మళ్లీ తుడవాలి, అందుకే ఏ రెండూ పూర్తిగా ఒకేలా రావు. కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే పది కాపీల్లో అది మూడోది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గారికి దేశమంతటా పేరు తెచ్చింది ముఖ్యంగా ఈ ఎచింగే, 2016లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అలాంటి కళాకారుడు మన నగరంలో ఉంటే, ఎచింగ్ అంటే ఏమిటో మన పత్రికల్లో ఒక్క పేరా చదివిన గుర్తు నాకు లేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

వానాకాలంలో బొంతలు పెట్టారు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టినవి, మా చుట్టుపక్కల ఇళ్లలోంచి తెచ్చినవే. బొంతలు గ్యాలరీలో ఏంటి అని గ్యాలరీ కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. నేను పెట్టాలనే అన్నాను. రంగు పక్కన రంగు ఎలా కూర్చాలో తెలిసినవాళ్లు కుట్టిన బొంత దూరం నుంచే తెలిసిపోతుంది, అది చూపు, శిక్షణ లేకపోయినా వచ్చిన చూపు. కుట్టినవాళ్లు వాళ్ల పేరు చీటీ మీద చూసుకుని ఫొటోలు దిగారు.

ఇంకా చాలా జరిగాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల్ని వెనక దీపాలు పెట్టి సాయంత్రాలు మాత్రమే చూపించారు, బాగుంది. కాలనీ వాళ్ల పాత ఆల్బమ్‌లతో ఒక ఫొటో ప్రదర్శన పెట్టి, ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా చేసిన రాజా దీన్‌దయాళ్ గురించి ఒక సాయంత్రం మాట్లాడించారు. పిల్లల బొమ్మలు ఎప్పటిలాగే. ఒక శిల్ప ప్రదర్శన మాత్రం నాకు నచ్చలేదు, చీటీ లేదు, చెప్పేవాళ్లు లేరు, వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో దిగి వెళ్లిపోయారు.

మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఉంది, బంజారాహిల్స్‌లో కళాకృతి గ్యాలరీ ఉంది, సాలార్‌జంగ్‌కు పోతే రవివర్మ చిత్రాలే చూడొచ్చు, అవన్నీ గొప్పవే, కాదనను. కానీ నల్లకుంట నుంచి మాదాపూర్ పోయిరావడానికి ట్రాఫిక్‌లో సగం రోజు గడిచిపోతుంది, కూరగాయలకు బయల్దేరినవాళ్లు దారిలో ఆగి చూసే అవకాశం ఇలాంటి చిన్న గదిలోనే ఉంటుంది. చూసేవాళ్లు లేరు కాబట్టి రాయడం లేదని మీ ఆఫీసులో ఒకరు ఫోన్‌లో అన్నారు. మా సందర్శకుల పుస్తకంలో జనం రాసింది చూస్తే నాకు అలా అనిపించడం లేదు. నిన్ననే తెలిసింది, ఇవాళే చివరి రోజట, ముందే తెలిస్తే మా అమ్మను కూడా తీసుకొచ్చేవాణ్ణి, ఇలాంటివి ప్రతి ప్రదర్శనకూ ఉన్నాయి. ఒక్కో ప్రదర్శన ఉండేది వారం, పది రోజులు. ఆ నోటా ఈ నోటా విషయం పాకేసరికి బొమ్మలు దింపేస్తున్నారు.

అందుకే అడుగుతున్నాను. వారానికి ఒకసారి, శుక్రవారమో శనివారమో, సిటీ పేజీలో చిన్న చోటు ఇవ్వండి. నగరంలో ఎక్కడెక్కడ ఏ ప్రదర్శన ఉంది, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, చివరి తేదీ ఎప్పుడు, ప్రవేశం ఉచితమా కాదా, అన్నిటికంటే ముఖ్యంగా గోడల మీద ఏముంది, దాన్ని ఎలా చేస్తారు అని నాలుగు తెలుగు వాక్యాలు. సినిమా పేజీ తగ్గించమని అడగడం లేదు. ప్రారంభోత్సవం ఫొటోకు ఇచ్చే చోటే దీనికి సరిపోతుంది.

మా గ్యాలరీ వాళ్లు ప్రతి నెలా మొదట్లోనే వివరాలు, బొమ్మల ఫొటోలు మీకు పంపడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చే ప్రదర్శన ఆదిలాబాద్ డోక్రా. మట్టి అచ్చు మీద మైనపు దారాలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోసే పని, చేసేవాళ్లే వచ్చి చూపిస్తామన్నారు. మీ విలేకరిని పంపించండి, ప్రారంభోత్సవం రోజు వద్దు, మధ్యలో ఏదో ఒక మామూలు రోజు మధ్యాహ్నం రమ్మనండి, చేసేవాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్