ఆదివారం వస్తున్నా, రూములోనే ఉండు

కల్వకుర్తి,
గురువారం రాత్రి

బిడ్డా నవీన్,

బాగున్నావా? ఇక్కడ అందరం బాగున్నాం. మక్కలు ఇంటికొచ్చాయి, మీ బాపు ధర పెరిగేదాకా ఆగుదామంటున్నాడు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. జున్ను ఎవరితోనైనా పంపుదామంటే నువ్వు ఏ రూములో ఉన్నావో తెలియదు. నీ ఫోను రాక మూడు ఆదివారాలైంది. పరీక్షలుంటాయిలే అని మీ బాపుకు నేనే చెప్తున్నాను.

సరిత పెళ్లి ఖాయమైంది. నీకు షర్టు గుడ్డ తీశాను, కొలత పాతదే ఇచ్చాను. చిక్కిపోయావంటున్నారు మరి. అన్నది సంతోష్ వాళ్ళమ్మ. మొన్న టీకాల రోజు సబ్‌సెంటరుకు వచ్చి, అందరూ పోయేదాకా కూర్చుని చెప్పింది. నువ్వు హాస్టల్ వదిలేశావట, రాత్రిళ్ళు నిద్రపోవట, ఆ రూములో గంజాయి వాసనట, ఏవో గోలీలు కూడానట. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. అది నిజమో కాదో నిన్ను నిలదీయడానికి కాదు ఈ ఉత్తరం. నిజమైతే, ఎవరికీ చెప్పకుండా నీ అంతట నువ్వే తలుపేసుకుని మానేద్దామని చూస్తావేమోనని భయం.

మీ చిన్నాయన సంగతి నీకు సగమే తెలుసు. మూర్ఛ వచ్చిందని మాత్రమే చెప్పాం. రోజుకు ఆరేడు సీసాల కల్లు తాగేవాడు. చెట్టు దిగిన కల్లయితే అంత ముప్పు లేకపోవును. అన్ని సీసాలు నింపేటన్ని తాళ్ళు, ఈదులు మన దిక్కు ఎక్కడున్నాయి? నీళ్ళలో అల్ప్రజోలం అనే నిద్రమందు కలిపి పోసేవాళ్ళు. 2015లో దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డాయి. ఇట్లనైనా మానుతాడని మేము సంబరపడ్డాం. మీ బాపు బయటి నుంచి గొళ్ళెం పెట్టి, "సిగ్గుంటే మూడు రోజులు ఓర్చుకో" అన్నాడు. ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం చెప్పే ఏఎన్ఎంను, నేనూ ఊరుకున్నాను. రెండో రాత్రి గోడ మీద ఎవరో పాకుతున్నారని అరిచాడు. నానమ్మ దిష్టి తీసింది. మూడో రోజు తెల్లారగట్ల ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకుని నోరంతా నెత్తురు.

పాలమూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి అక్కడ ఇలాంటివాళ్ళే ఎందరో. ఆ డాక్టరు ఎందుకు తాగావని అడగలేదు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళ నుంచి, ఆఖరిది ఎప్పుడు, ఇంతే అడిగాడు. తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు: మెదడు ఆ మందుకు అలవాటు పడిపోయింది, ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. అదే జాతి గోలీ, డయజెపామ్, మొదలుపెట్టి వారం వారం కొంచెం తగ్గిస్తూ రెండు నెలలకు ఆపించాడు. గోలీలు నా చేతికే ఇచ్చాడు, ఏ పూటకు ఎన్నో రాసి. మరుసటి ఏడు బోనాలకు చిన్నాయన మళ్ళీ తాగాడు. మేము తలెత్తలేకపోయాం. డాక్టరు ముఖంలో మాత్రం ఏ తేడా లేదు. "షుగర్ పెరిగిందని వస్తే వెళ్ళగొడతామా? మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు. నీ కాలేజీ మొదటి ఫీజు కట్టింది ఆ చిన్నాయనే, ఆటో తోలిన డబ్బులతో.

అందుకే చెప్తున్నా. గోలీలైతే ఒక్కసారిగా ఆపకు, డాక్టరుకు చూపించుకునే తగ్గించు. గంజాయి ఒక్కటే అయితే మానినప్పుడు నిద్ర పట్టదు, కోపం వస్తుంది, అన్నం సయించదు. ప్రాణానికి భయం లేదు గానీ, అదే పనిగా మళ్ళీ దానివైపే లాగుతుంది. దానికంటూ ప్రత్యేకంగా గోలీ లేదు, కౌన్సెలింగ్‌తోనే బాగుచేస్తారు. హెరాయిన్ లాంటి సూదులూ, పొడులూ అయితే బుప్రెనార్ఫిన్ అనే మందు ఉంది, అది కూడా డాక్టరు చేతి మీదుగానే. ఇంకోటి, డాక్టరు దగ్గర అబద్ధం చెప్పకు. తక్కువ చెప్తే మందు తక్కువ ఇస్తారు. నాతో అబద్ధం చెప్పినా సరే గానీ ఆయనతో వద్దు. పోలీసుల భయం ఉంటే, 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. కొద్ది మోతాదు కేసే ఉన్నా, తనంతట తాను గవర్నమెంటు ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న చోటో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ కేసు నడపరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు జబ్బును కూడా జబ్బుల్లోనే లెక్కపెట్టింది. నీ సంగతి డాక్టరు బయటపెట్టకూడదు. ఇవాళ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే గవర్నమెంటు ఫోను లైను ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

చూడు, నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని పెద్ద పాఠమే చెప్పాను. రాత్రి ఏం తింటున్నావు? ఆ నూడుల్సేనా? చింతకాయ తొక్కు కొత్తది పెట్టాను, నీకోసం కారం తగ్గించాను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను, తొమ్మిదింటికల్లా హైదరాబాద్ ఇమ్లిబన్ బస్టాండులో దిగుతాను. మీ బాపుకు జున్ను ఇచ్చి వస్తానని చెప్పాను, ఇంకేమీ చెప్పలేదు. సోమవారం సెలవు పెట్టాను. నువ్వు సరేనంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీకి పోదాం, చీటీ నేనే రాయిస్తాను, లోపలికి నువ్వు ఒక్కడివే పో. వద్దంటే రూములో పడుకుని నిద్రపో, నేను వంట చేస్తాను. రూము అడ్రసు మాత్రం మెసేజ్ పెట్టు. స్టవ్ ఉందో లేదో కూడా చెప్పు, లేకపోతే చిన్న సిలిండరు తెస్తాను.

మీ అమ్మ