రెడ్ కార్డు తర్వాత ఏమిటో పోటీలకు ముందే రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పాఠశాలల ఫుట్‌బాల్ పోటీలు మండలంలో మొదలై పైస్థాయిలు దాటుకుంటూ రాష్ట్రం దాకా వెళ్తాయి. ఆట నిబంధనల్లో ఎక్కడా తేడా లేదు, ప్రపంచమంతా ఆడే ఆ 17 నిబంధనలే ఇక్కడా. పేచీలన్నీ ఆ తర్వాతే వస్తున్నాయి. రెడ్ కార్డుతో బయటికి వెళ్లిన కుర్రాడు మధ్యాహ్నం మ్యాచ్‌లో దిగొచ్చా? వానకో గొడవకో సగంలో ఆగిన మ్యాచ్ ఎవరిది? ఇలాంటివి తేల్చుకునే పని నిబంధనల పుస్తకం పోటీ నిర్వాహకులకే వదిలింది. వాళ్లు ముందుగా కాగితం మీద పెట్టకపోతే, ఆ పూట మైదానంలో గట్టిగా అరిచినవాళ్ల మాటే చెల్లుతుంది.

అమెరికా హైస్కూళ్ల పద్ధతి ఒకసారి చూడండి. గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడ ఆడుతున్నారు కాబట్టి కొందరు పాఠకులకు తెలిసే ఉంటుంది. అక్కడి పాఠశాల క్రీడలకు ఇండియానాపొలిస్‌లో జాతీయ సమాఖ్య ఉంది, ఉమ్మడి నిబంధనలు అదే రాస్తుంది. 40 నిమిషాల చొప్పున రెండు సగాలు. యెల్లో కార్డు పడినవాడు మైదానం వదలాలి, అతని బదులు ఇంకొకరిని దించుకోవచ్చు. రెడ్ అయితే జట్టు ఒకరు తక్కువగా ఆడాల్సిందే. ఆ మ్యాచ్ ముగిశాక పడే శిక్ష మాత్రం ఏ రాష్ట్ర సంఘానికి ఆ సంఘం రాసుకుంటుంది. పెన్సిల్వేనియాలో ఆ రోజు మిగతా ఆటలతోపాటు తర్వాతి పోటీ రోజు కూడా బయటే కూర్చోవాలి. సరిహద్దు దాటి ఒహాయోకి వెళ్తే రెండు మ్యాచ్‌లు. అదే సీజన్‌లో రెండోసారి బయటికి పంపితే ఆ సీజన్ అతనికి ముగిసినట్టే. డ్రా అయితే అదనపు సమయం ఇవ్వాలా, గోల్స్ తేడా మరీ పెరిగితే ఆట ఆపాలా అన్నవి కూడా రాష్ట్రానికో తీరు. ఒక మ్యాచ్ న్యాయమా, రెండు న్యాయమా అన్న దాంట్లో మాకు పట్టుదల లేదు. సీజన్ మొదలయ్యేనాటికి కోచ్‌కీ తల్లిదండ్రులకీ రిఫరీకీ అది తెలిసి ఉంటోంది. మాకు కావలసింది అదే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. అక్కడ పిల్లవాడు సీజనంతా తన బడి జట్టుకే ఆడతాడు, శిక్ష తర్వాతి మ్యాచ్‌లో అమలవుతుంది. ఇక్కడ కింది స్థాయి పోటీలు నాకౌట్ పద్ధతిలో ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి. రెడ్ కార్డు పడిన జట్టు ఓడి ఇంటికి వెళ్తే శిక్ష అనుభవించడానికి మ్యాచే మిగలదు. అదే కుర్రాడు బాగా ఆడతాడని మండల జట్టులోకి తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. అయితే పైస్థాయికి వెళ్లే ఎంట్రీ ఫారంలో పుట్టిన తేదీ, తరగతి, హెడ్‌మాస్టరు సంతకం ఉంటాయి గానీ కార్డు ఊసు ఉండదు. రాజోలులో పడిన రెడ్ కార్డుకి అమలాపురంలో మొదటి మ్యాచ్ కూర్చోబెట్టాలంటే ఆ ఫారంలో ఒక గడి చేర్చాలి, కింది స్థాయి రిఫరీ రిపోర్టు నకలు దానికి జతచేయాలి. ఖర్చేమీ లేని పని ఇది.

శిక్షల మోతాదుని కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఫిఫా క్రమశిక్షణ నియమావళి ప్రకారం రెడ్ కార్డు పడితే తర్వాతి మ్యాచ్ నిషేధం దానంతటదే వస్తుంది. ఎదుటివాడి మీద దాడికి దిగితే కనీసం మూడు మ్యాచ్‌లు, రిఫరీ మీద చేయి చేసుకుంటే కనీసం 15. బడి పిల్లవాడికి 15 మ్యాచ్‌లంటే ఏళ్లు పడుతుంది, కాబట్టి ‘ఆ ఏడాది పోటీలన్నీ’ అని రాసుకుంటే సరిపోతుంది. గోల్‌లోకి వెళ్లే బంతిని చేత్తో ఆపినవాడినీ, పిడికిలితో గుద్దినవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

డెల్టాలో ఈ తేడాలు పట్టుకోవడం మరీ కష్టం. పోటీలు వానల్లో పడతాయి. నేల బంకమట్టి, ఒక్క జల్లు పడితే పైపొర జారుడైపోతుంది. బంతి కోసం కిందికి జారిన పిల్లవాడు అనుకున్న చోట ఆగలేక ఎదుటివాడి చీలమండకి తగులుతాడు. పన్నెండో నిబంధనలో మూడు మెట్లున్నాయి. అజాగ్రత్త అయితే ఫ్రీకిక్ చాలు, కార్డు లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూకితే యెల్లో. మితిమీరిన బలంతో వచ్చి దెబ్బ తగిలే ప్రమాదం తెస్తే రెడ్. ఎంత దూరం జారాడన్నదాన్ని బట్టి తీర్పు చెబితే బురదకి కార్డు చూపినట్టవుతుంది. చూడాల్సింది కాలు: నేలకి ఆనుకుని ఉందా, పైకి లేచి స్టడ్‌లు (బూటు అడుగున ఉండే బొడిపెలు) ఎదుటివాడి వైపు తిరిగాయా, బంతి అతనికి అందే దూరంలో ఉందా. రిపోర్టులో కూడా ఇవే రాయాలి. ‘మొరటుగా ఆడాడు’ అని ఒక్క ముక్క రాస్తే శిక్ష వేసేవాళ్లకి ఏం అర్థమవుతుంది? నిమిషం, జెర్సీ నంబరు, దెబ్బ ఎక్కడ తగిలింది, బూతు మాటైతే అన్నది అన్నట్టుగా రాసి, ఆ సాయంత్రమే ఇవ్వాలి. మర్నాటికి మాటలు మారిపోతాయి.

రిఫరీతో వాదనకి దిగే పిల్లలకు మా దృష్టిలో మంచి మందు తాత్కాలిక బహిష్కరణ. యెల్లో చూపి, మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం సేపు బయట కూర్చోబెట్టడం. 25 నిమిషాల సగాలైతే 5 నుంచి 7 నిమిషాలు. ఇంగ్లండ్‌లో కింది స్థాయి ఫుట్‌బాల్ అంతటా 2019-20 సీజన్ నుంచి ఇది అమల్లో ఉంది. పిల్లవాడు చల్లబడి తిరిగొస్తాడు, నష్టం ఎంతో జట్టుకీ అక్కడికక్కడే తెలుస్తుంది. దీనికి మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య అనుమతి కావాలి, జిల్లావాళ్లు సొంతంగా పెట్టుకోలేరు. రాష్ట్రం తరఫున అడగాలి.

ఆగిపోయిన మ్యాచ్ సంగతి ఇంకా ముఖ్యం. ఒక జట్టులో ఏడుగురి కంటే తగ్గితే ఆట సాగకూడదు. ఆగిన మ్యాచ్‌ని మళ్లీ ఆడించాలన్నది ఏడో నిబంధన, పోటీ నిబంధనలు వేరుగా చెబితే తప్ప. అంటే వేరుగా ఏమీ రాయని పోటీలో, 3-0తో ఓడిపోతున్న జట్టు గొడవచేసి అయిదు రెడ్ కార్డులు తెచ్చుకుంటే దానికి మళ్లీ 0-0 నుంచి ఆడే అవకాశం దక్కుతుంది! తప్పు చేసిన జట్టు ఓడినట్టేనని ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. వానకి ఆగితే ఆగిన నిమిషం నుంచి, అదే స్కోరుతో కొనసాగించాలని ఇంకో వాక్యం.

బూట్లు, షిన్‌గార్డులు (మోకాలి కింద ముంగాలికి కట్టుకునే రక్షణ పట్టీలు) నాలుగో నిబంధన ప్రకారం తప్పనిసరి. వట్టికాళ్లతో వచ్చిన జట్టుని స్టడ్‌ల ముందు దించడం వేళ్లు చితికే పని. కొనే స్తోమత లేని బడులకు నిర్వాహకులే రెండు జట్లకి సరిపడా షిన్‌గార్డులు మైదానంలో ఉంచాలి. తాయెత్తు, కంకణం, చెవిపోగు ఏదీ ఉండకూడదు, పైన టేపు చుట్టినా ఒప్పుకోరు. మతపరమైన పతకాన్ని టేపుతో అంటించి జెర్సీ లోపల ఉంచుకునే సడలింపు అమెరికా హైస్కూలు నిబంధనల్లో ఉంది, మనం ఆడే నిబంధనల్లో లేదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాడికి ఈ సంగతి టాస్ దగ్గర చెబితే ఇటు దీక్షకీ అటు ఆటకీ మధ్య నలిగిపోతాడు. బడి నుంచి బయల్దేరక ముందే పీఈటీ ఆ ఇంట్లో పెద్దలతో మాట్లాడాలి.

కాబట్టి జిల్లా విద్యాశాఖ అధికారులకూ పాఠశాల క్రీడల కార్యదర్శులకూ మా విన్నపం. పైవన్నీ తెలుగులో రెండు పేజీలకు మించవు. మండల పోటీల తేదీలతోపాటే ఆ పేజీలు ప్రతి హైస్కూలుకీ పంపండి. అప్పీలు ఎవరికి, ఎన్ని గంటల్లోపు చేసుకోవాలో చివర రాయండి. అప్పీలు వినే ముగ్గురిలో ఆ మ్యాచ్ ఆడిన బడుల పీఈటీలు ఉండకుండా చూడండి.

ఇట్లు,
కోనసీమ, నరసాపురం ప్రాంతాల కొందరు ఫుట్‌బాల్ రిఫరీలు, వ్యాయామోపాధ్యాయులు