హిలోలో చిన్న విమానం ఎక్కేముందు

అమ్మలూ,

వదినగారినీ అన్నయ్యగారినీ హవాయి పెద్ద ద్వీపానికి తీసుకెళ్లి, చిన్న విమానంలో అగ్నిపర్వతాలు చూపిస్తామన్నావు. తప్పకుండా చూపించు. రోడ్డు మీద నిలబడి చూస్తే లావా అంటే నల్లరాళ్ల మైదానమే. ఏ చీలికలో పుట్టింది, ఏ వీధుల మీదుగా పారింది, సముద్రంలో ఎక్కడ కలిసింది అన్నది పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది. అయితే డబ్బు కట్టేముందే కొన్ని తేల్చుకోవాలి.

ముందు ఎక్కడ ఎక్కాలో చూసుకో. మీరు చూడబోయే అగ్నిపర్వతం కీలావెయాకి దగ్గర విమానాశ్రయం హిలో, సుమారు నలభై కిలోమీటర్లు. పడమటి తీరంలోని కోనా వైపు నుంచి వెళ్లాలంటే 4,169 మీటర్ల మౌనా లోవా కొండ అడ్డు. కేబిన్‌లో గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేని చిన్న విమానం మామూలుగా అంత ఎత్తుకి పోదు. చుట్టూ తిరిగో, పక్క కొండ మౌనా కేయాకీ దానికీ నడుమ ఉన్న కనుమ మీదుగానో పోవాలి. ద్వీపమంతా చుట్టిరావాలంటే కోనా మంచిదే కానీ, చూడాల్సింది కీలావెయా అయితే హిలోయే సరి.

హిలోలో చిక్కల్లా వాన. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఈశాన్యం నుంచి వీచే వాణిజ్య పవనాలు తేమను మోసుకొచ్చి కొండవాలుకి తగిలి పైకి లేస్తాయి, అక్కడే మేఘాలు కడతాయి. ఎండ ఎక్కేకొద్దీ అవి పెరుగుతాయి, గాలిలో కుదుపులూ పెరుగుతాయి. అందుకని పొద్దున్నే మొదటి విమానం బుక్ చేయి. అది కూడా ద్వీపంలో దిగిన మర్నాడే పెట్టుకో. ఆ రోజు రద్దయినా ఇంకో రెండు మూడు రోజులు చేతిలో ఉంటాయి. చివరి రోజుకి పెట్టుకుంటే ‘ఎలాగైనా వెళ్దాం’ అన్న ఒత్తిడి మీకూ పైలట్‌కీ కూడా మొదలవుతుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. 1999 సెప్టెంబరు 25న ఇదే ద్వీపంలో ఒక టూరు విమానం మబ్బు కమ్మిన మౌనా లోవా వాలుని ఢీకొని పదిమంది పోయారు. కంటిచూపు మీద ఆధారపడి నడపాల్సిన పైలట్ మేఘంలోకి వెళ్లడమే కారణమని దర్యాప్తులో తేలింది. పైలట్ ఎగరనంటే డబ్బంతా వెనక్కిస్తారా అని బుకింగ్ అప్పుడే అడుగు. ఎగిరాక మధ్యలో వెనక్కి తిప్పితే ఏం చేస్తారో కూడా అడుగు.

ఇక బరువు. మీరు నలుగురు. సెస్నా 172లో పైలట్ పోను మూడే సీట్లు కాబట్టి మీకు సెస్నా 206 గానీ అంతకంటే పెద్దది గానీ కావాలి. 206లో ‘206హెచ్’ మోడల్ గరిష్ఠ బరువు 1,633 కిలోలు. సీట్లు, రేడియోలతో సహా ఖాళీ విమానమే సుమారు 1,040 ఉంటుంది. ట్యాంకులు నిండా పోస్తే దాదాపు 330 లీటర్లు, లీటరు 0.72 కిలో చొప్పున ఇంకో 238. అంటే మనుషులకీ సామానుకీ మిగిలేది 355. పైలట్‌తో కలిపి ఐదుగురు సగటున 75 కిలోలున్నా 375 అయిపోతుంది. అందుకే ఆ టూరుకి చాలినంత పెట్రోలు, పైన రిజర్వు లెక్కగట్టి పోస్తారు. ఈ లెక్క మీరిచ్చే అంకెల మీదే నడుస్తుంది. వదినగారిని బరువు అడగడానికి మొహమాటపడి తగ్గించి రాయకు. ఎలాగూ అక్కడ తూకం వేస్తారు. తేడా వస్తే ఒకరిని దింపేయాల్సి రావచ్చు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా పైలటే చెప్తాడు. బరువు వెనక్కి ఎక్కువైతే విమానం ముక్కు అదుపులో ఉండదు. ముందు సీటు కోసం పట్టుపట్టకండి.

రెక్క కిటికీలకి పైన ఉన్న విమానమే అడుగు. రెక్క కింద ఉంటే సగం దృశ్యం దాని వెనకే పోతుంది. అన్నయ్యగారికి మోకాళ్ల నొప్పులు కదా, 206 మెట్టు ఎత్తుగా ఉంటుంది, చిన్న స్టూల్ ఉందో లేదో కనుక్కో. ఆ విమానంలో ఇంకో సంగతి ఉంది. మామూలుగా ముందు తలుపు ఎడమవైపు పైలట్ పక్కన ఒక్కటే. వెనకవాళ్లకి కుడివైపు రెండు రెక్కల తలుపు. ఫ్లాప్స్ (విమానం రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) దించి ఉన్నప్పుడు ఆ తలుపు ముందు రెక్క పూర్తిగా తెరుచుకోదు, ఫ్లాప్‌కి అడ్డం తగులుతుంది. దాన్ని వచ్చినంత మేర తోసి, వెనక రెక్క పిడిని తిప్పి బయటపడాలి. ఎక్కేముందు పైలట్ వివరణ ఇచ్చేటప్పుడు ఆ పిడి చూపించమను, వెనక కూర్చునే అల్లుడుగారిని చేత్తో పట్టుకుని చూడమను. నడుముకి కట్టే లైఫ్ జాకెట్‌ని విమానం లోపల ఊదకూడదు. ఊదితే నీళ్లు లోపలికి వచ్చినప్పుడు అది మనిషిని పైకప్పుకి అదిమేస్తుంది.

అల్లుడుగారికి స్కూబా సరదా కదా. ఒక్కసారి మామూలు డైవింగ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడుసార్లు గానీ వరసగా కొన్ని రోజులు గానీ చేస్తే 18 గంటలు ఆగాకే ఎగరాలి. నేను 24 గంటలు ఆగమంటాను. కాబట్టి ముందు విమానం, తర్వాత సముద్రం.

చూసేది ఇదీ. హిలో నుంచి దక్షిణంగా పోతే 2018 మే 3న నేల చీలిన లెయిలానీ ఎస్టేట్స్ వస్తుంది. వీధులు నల్లరాతిలో ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆ ఏడాది ఏడు వందలకి పైగా ఇళ్లు పోయాయి. ప్రవాహం వెంట తూర్పుకి చూస్తే కపోహో తీరం. ఒకప్పటి అఖాతం ఇప్పుడు నేల. లావాలో రెండు రకాలు పైనుంచి ఇట్టే తెలిసిపోతాయి. వెండి మెరుపుతో నున్నగా ఉన్నది పాహోయిహోయి. మెరుపు లేకుండా గరుకుగా, ముదురు గోధుమ రంగులో ఉన్నది ఆఆ. మధ్యలో లావా చుట్టుముట్టి వదిలేసిన పచ్చని అడవి ముక్కల్ని కిపుకా అంటారు. నాకు అన్నిటికంటే చూడదగ్గవి అవే అనిపిస్తాయి. కీలావెయా శిఖరం దగ్గర హలేమౌమౌ గొయ్యి 2018లో కుంగి సుమారు 500 మీటర్ల లోతు అయింది, తర్వాత లావా మళ్లీ నింపుతూ వస్తోంది.

ఎర్రని లావా మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటం ఆగి ఆగి నడిచింది. కొన్ని గంటలు చిమ్మడం, తర్వాత రోజులకొద్దీ విరామం. విరామంలో కనిపించేది పొగ, నల్లటి అడుగు. హవాయి అగ్నిపర్వత పరిశీలన కేంద్రం రోజూ పెట్టే సమాచారం, వెబ్‌క్యామ్‌లు ముందురోజు రాత్రి చూడు. చిమ్మేటప్పుడు దగ్గరికి పోనివ్వకపోవచ్చు. మామూలుగా కూడా, ప్రత్యేక అనుమతి లేకపోతే టూరు విమానం నేలకి 1,500 అడుగుల కంటే కిందికి దిగకూడదు. ‘బాగా కిందికి తీసుకెళ్తాం’ అని ఊరించేవాడి దగ్గర ఎక్కకు.

వదినగారికి బస్సులోనే తిప్పుతుంది కాబట్టి డాక్టర్ని అడిగి మాత్ర గంట ముందు వేయించు. ఖాళీ కడుపు వద్దు, రెండు ఇడ్లీల పాటి తిండి చాలు. అన్నయ్యగారి ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. అక్కడి గంధకపు పొగ ఉబ్బసాన్ని రేపుతుంది. ఫోటోలకి ముదురు రంగు చొక్కాలు వేసుకోండి, లేత రంగు అద్దంలో ప్రతిబింబిస్తుంది. లెన్స్‌కి పోలరైజింగ్ ఫిల్టర్ (మెరుపు తగ్గించే అద్దం) ఉంటే తీసేయండి, ప్లాస్టిక్ కిటికీ మీద ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. లెన్స్ అద్దానికి ఆనించకండి, ఇంజన్ అదురు ఫోటోలోకి ఎక్కుతుంది.

దిగాక ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలొద్దు, ఆగాక కూడా తోక వైపు నుంచే నడవండి. అన్నయ్యగారు పొడవు, రెక్క వెనక అంచు ఆయన నుదుటికి తగిలే ఎత్తులోనే ఉంటుంది, నువ్వు పక్కనే ఉండు.

నలుగురి బరువులూ రాసి పంపు, లెక్క నేనూ ఒకసారి వేసి చూస్తాను.

ప్రేమతో
అమ్మ