తలుపు మీది రెండో పేరు

చిరంజీవి చిన్నీకి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ముందు చి.ల.సౌ. అని మొదలుపెట్టాను. అది శుభలేఖల మీద వేసేది కదా అని ఆ కాగితం పక్కన పెట్టి ఇది తీశాను.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. కోటిపల్లి వాటా ఇంకా తేలలేదు, పెద్దనాన్న సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. నువ్వు పంపిన కరివేపాకు మొక్క ఫోటో చూశాం. ఆకుకి తెగులేమన్నా ఉందేమోనని మీ అమ్మ ఫోనులో వేళ్లతో లాగి పెద్దది చేసి చూసింది. తెగులు లేదు. మొక్క వెనక తలుపు, తలుపుకి ఉత్తరాలు వేసే కంత, ఆ కంత పైన రెండు చీటీలు కనబడ్డాయి. ఒకటి మన పల్లంకుర్రు వారిది. రెండోదానికి కొమ్మ కొంచెం అడ్డొచ్చింది గానీ చదవడానికి ఇబ్బంది లేకపోయింది.

దాని గురించి నేనేమీ అడగడం లేదు. అక్కడ అద్దెలు ఎక్కువ, పంచుకునేవాళ్లు ఉంటారు. అబ్బాయో అమ్మాయో చీటీ చూస్తే తెలియదు కదా. విజయత్త వాళ్ల బుజ్జి ఏదో అంది గానీ దాని మాటకేం, అది ఎప్పుడు తిన్నగా చెప్పింది గనక. రిటైరయ్యాక పొద్దు గడవక ఈమధ్య ఇంటిపేర్ల మీద పడ్డాను. ఆ కబుర్లు రాద్దామని కూర్చున్నానంతే.

సైడ్‌బాటమ్. వినగానే శ్రీను మావయ్య పడీపడీ నవ్వాడు. వాడికొచ్చిన ఇంగ్లీషులో బాటమ్ అంటే ఒకటే, మనం కూర్చునే భాగం. నేను వదల్లేదు. పాతకాలపు ఇంగ్లీషులో బాటమ్ అంటే కొండల నడుమ పల్లపు నేల, లోయ అడుగు. సైడ్ అన్నది కూడా పక్క కాదు, వెడల్పని అర్థం. వెడల్పాటి లోయలో కాపురమున్నవాళ్లు, అంతే సంగతి. మన పేరులో పల్లం లేదుట్రా, నువ్వు మా ఇంటి పిల్లని చేసుకున్నప్పుడు నవ్వొచ్చిందా అని అడిగితే అప్పుడు నోరు మూశాడు.

మీ మాంచెస్టరుకి ఆ చుట్టుపక్కలే, చెషైర్, లాంకషైర్, యార్క్‌షైర్ కలిసే పెనైన్ కొండల దగ్గర, ఇలాంటి పేర్లు గుంపుగా ఉన్నాయి. వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువుల్ని దింపుకునే లోయ. రామ్స్‌బాటమ్ పేరుతో ఊరే ఉంది, నువ్వు చూసే ఉంటావు. పొట్టేళ్ల లోయ అని కొందరూ, అడవి వెల్లుల్లి మొలిచే లోయ అని కొందరూ అంటారు. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ మన గుమ్మంలోకి వెల్లుల్లి రాలేదు, ఇక ఇంటిపేరులోనే ఉంటే ఏమనేదో. సైడ్‌బాటమ్‌కి ఆ చిక్కు లేదు. ఆ మాటకొస్తే 1852లో మనకి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిచ్చిన కాటన్ దొర పేరుకీ పత్తికీ ఏ సంబంధమూ లేదు. గుడిసెలున్న చోటని దానర్థం. మనం ఇన్నేళ్లూ ఏమనుకున్నాం!

వాళ్లకీ మొదట్లో ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు వచ్చాక భూములు ఎవరివో, వారసులెవరో, పన్ను ఎవరు కట్టాలో రాసుకోవాల్సొచ్చి మెల్లగా స్థిరపడ్డాయి. 1400 నాటికి చాలా కుటుంబాలకి వచ్చేశాయి. 1538లో ప్రతి చర్చిలోనూ పెళ్లిళ్లూ బాప్టిజాలూ ఖననాలూ పుస్తకంలో ఎక్కించాలని ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఈ పని నేనూ సబ్‌రిజిస్ట్రారాఫీసులో చేసినవాణ్ణే గనక నాకు వింత అనిపించలేదు. ఒకే వంశం ఒకచోట సైడ్‌బాటమ్, ఇంకోచోట సైడ్‌బోథమ్. నవ్వులపాలవుతున్నామని కావాలని అక్షరాలు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మీ తలుపు మీది చీటీలో మార్చలేదు. అది నాకు నచ్చింది.

పేరు అరుదైనదే. స్మిత్ అంటే కమ్మరి, కమ్మరి లేని ఊరుండదు గనక ఆ పేరు దేశమంతా నిండింది. లోయ పేరు అలా కాదు, ఆ లోయలోంచి బయటికొచ్చిన నాలుగు కుటుంబాలకే ఉంటుంది. ఎక్కువమంది ఆ కొండల చుట్టూనే ఉండిపోయారు. రయాన్ సైడ్‌బాటమ్ గుర్తున్నాడా, ఉంగరాల జుట్టు, ఎడంచేతి బౌలరు? 2007లో మనవాళ్ల మీద ఆడాడు. అతనిది హడర్స్‌ఫీల్డ్. వాళ్ల నాన్న ఆర్నీ కూడా ఇంగ్లాండుకి ఒక టెస్టు ఆడాడు, మాంచెస్టర్ యునైటెడ్‌కి ఫుట్‌బాలూ ఆడాడు.

అసలు సంగతి ఇంకోటుంది. ఇంగ్లాండు క్రికెటర్ ఇయాన్ బోథమ్ ఉన్నాడే, ఆ బోథమ్ కూడా ఈ బాటమే. అది చదివి నేను కుర్చీలోంచి లేచాను. 1980 ఫిబ్రవరిలో నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. బొంబాయిలో ఇంగ్లాండుతో టెస్టు, మన క్రికెట్ బోర్డుకి యాభై ఏళ్లు నిండిన సందర్భం. రెండో రోజున సూర్యగ్రహణం పడితే ఆట ఆపి దాన్నే విశ్రాంతి దినం చేశారు. నాయనమ్మ తలుపులన్నీ బిగించి పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేసింది. పెద్దనాన్న ట్రాన్సిస్టర్ మీద కూడా ఒక దర్భ పడేసింది. మర్నాడు కామెంటరీ పెడితే 58 పరుగులకే వాళ్లవి ఐదు వికెట్లు. పెద్దనాన్న ఎగిరి గంతేశాడు. అక్కడ బోథమూ టేలరూ పాతుకున్నారు. టేలర్ని అంపైర్ అవుటిచ్చాడు. మన కెప్టెన్ విశ్వనాథ్ వెళ్లి, బంతి బ్యాటుకి తగల్లేదు, వెనక్కి రమ్మని పిలిచాడు. ఇంకేముంది, వాళ్లిద్దరూ కలిసి 171 పరుగులు. బోథమ్ సెంచరీ కొట్టి, మొత్తం పదమూడు వికెట్లు తీసి పది వికెట్ల తేడాతో మనల్ని ఓడించాడు. పిలవడం ఎందుకు, పోయేవాణ్ణి పోనివ్వక అని పెద్దనాన్న రంకెలు. అవుట్ కానివాణ్ణి ఎలా పొమ్మంటాడ్రా అని తాతయ్య. ఆ మ్యాచ్ అయ్యేదాకా ఇద్దరికీ మాటల్లేవు, అన్నం దగ్గర కూడా నన్ను అడ్డం పెట్టుకునే మాట్లాడుకున్నారు. కోటిపల్లి సంతకం దగ్గర కూడా మీ పెద్దనాన్న అదే మనిషి.

ఎక్కణ్ణించి ఎక్కడికో వెళ్లాను. మామూలుగా ఒక మాట చెప్తాను, నీకని కాదు. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలని ఇంగ్లాండులో చట్టమేమీ లేదు, ఆనవాయితీ మాత్రమే. మీ అమ్మ వచ్చినప్పుడు మేం అడగలేదు, మార్చేశాం. తనది ఇప్పటికీ పదో తరగతి సర్టిఫికెట్ ఒక పేరు, ఆధార్ ఇంకో పేరు. పేరులో తేడా ఉంటే ఉరఫ్ అని రాయించుకోవడానికి జనం మా ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్లు తిరిగేవారో నాకు తెలుసు. పాస్‌పోర్టు, పాన్, బ్యాంకు, డిగ్రీ, అన్నీ ఒకే పేరు మీద ఉంచుకోవాలి. ఎవరన్నా సరదాగా అడిగినా తొందరపడి ఫారాల మీద సంతకాలు పెట్టకూడదు. ఏ కాగితమైనా చివరి పేజీదాకా చదవాలి. ఏది చేసినా ఇంట్లో ఒక మాట అనుకుని చెయ్యాలి. ఈమధ్య ఫోను తీస్తే రెండు ముక్కలు మాట్లాడి పని ఉందంటున్నావు. పని ఉండొచ్చు. రాత్రి ఎనిమిదికి కూడా ఉంటుందా అని మీ అమ్మ అడుగుతోంది.

మేం కోప్పడతామని ఏదన్నా అనుకుంటున్నావేమో, అలాంటిదేం లేదు. అంటే, ఏదన్నా ఉంటే. వాళ్లది ఏ ఊరు, అమ్మానాన్నలు ఏం చేస్తారు, రయాన్‌కి ఏమన్నా అవుతారా, ఇవన్నీ నువ్వు చెప్తేనే కదా తెలిసేది. ఇంటిపేరు వరకు నేను చూశాను, బానే ఉంది.

బాబాయి స్నేహితుడి కొడుకు నెలాఖరుకి మాంచెస్టర్ వస్తున్నాడు. ఉన్ని స్వెట్టరు, అరికెలు, నీ కళ్లజోడు పాత నంబరు చీటీ ఇచ్చి పంపుతున్నాం. కిటికీ దగ్గర పడుకోకు. ఆవకాయ రెండు రకాలూ పెట్టింది మీ అమ్మ, ఒకటి వెల్లుల్లి వేసి, ఒకటి వెయ్యకుండా. ఎంతమందికో చెప్తే దాన్నిబట్టి సీసాలు కడతానంటోంది.

ఇట్లు,
నాన్న

తా.క. కారం తింటాడా? అమ్మ అడగమంది.