రెండో ‘గొరిల్లా’ను కొట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

జంతువుల శాస్త్రీయ నామాలు పత్రికల్లో అచ్చయ్యేటప్పుడు తరచూ ఒక మాట ఎగిరిపోతుంటుంది. ‘గొరిల్లా గొరిల్లా’ అని ఉంటే చేయి జారి రెండుసార్లు పడిందనుకుని ఒకటి తీసేస్తారు. కంప్యూటరూ కింద ఎర్రగీత గీసి ఎగదోస్తుంది. అది అచ్చుతప్పు కాదు. మొదటిది ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు) పేరు, రెండోది జాతి పేరు. ఆమ్రేడితం అలవాటైన మన చెవికి పట్టపగలు, మొట్టమొదట లాగా నొక్కి చెప్పినట్టుంటుంది గానీ, ఇక్కడ నొక్కేమీ లేదు. ఇంటిపేరూ సొంత పేరూ ఒకటే అయ్యాయి, అంతే.

ఒక మాట తగ్గితే జంతువే మారిపోతుంది. ‘గొరిల్లా’ ఒక్కటే ఉంటే ప్రజాతి మొత్తం, అంటే తూర్పు గొరిల్లా (గొరిల్లా బెరింగై) కూడా అందులోకి వస్తుంది. రెండుంటే పశ్చిమ గొరిల్లా. మూడుంటే పశ్చిమ గొరిల్లాలోని లోతట్టు ఉపజాతి. నైజీరియా-కామెరూన్ సరిహద్దులోని క్రాస్ రివర్ గొరిల్లా నుంచి దాన్ని వేరు చేసేది ఆ మూడో మాటే.

ఈ జంటలు చాలావరకు కావాలని పెట్టినవి కావు. చుక్కల దుప్పికి 1777లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్క్స్‌లెబెన్ పెట్టిన పేరు ‘సెర్వస్ ఆక్సిస్’. తర్వాత దాన్ని ‘ఆక్సిస్’ అనే ప్రజాతిలోకి మార్చారు. జాతి పేరు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు కనుక ‘ఆక్సిస్ ఆక్సిస్ (ఎర్క్స్‌లెబెన్, 1777)’ అయింది. ఆ బ్రాకెట్లు ప్రజాతి మారిందనడానికి గుర్తు. వాటినీ అలంకారమనుకుని తీసేస్తుంటారు! మన నాగుపాము ‘నాజా నాజా’ అయిందీ ఈ దారిలోనే. ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో దాన్ని ‘కొలూబర్ నాజా’ అన్నాడు.

మొక్కల సంగతి వేరు. వృక్షశాస్త్ర నియమావళి ఈ జంటల్ని ఒప్పుకోదు. లినేయస్ ‘పైరస్ మాలస్’ అన్న ఆపిల్, మాలస్ ప్రజాతికి మారాక ‘మాలస్ మాలస్’ కాలేకపోయింది. ‘మాలస్ డొమెస్టికా’ అంటున్నాం. కంది ‘కజానస్ కజాన్’ మాత్రం చెల్లింది, ఎందుకంటే రెండు మాటలూ అక్షరాలా ఒకటి కావు. కనుక మొక్క పేరులో ప్రజాతి మాటే మళ్లీ జాతిగా కనిపిస్తే నిజంగానే అనుమానించండి.

రోమన్ లిపిలో ప్రజాతికి పెద్దక్షరం, జాతికి చిన్నక్షరం ఉండటం వల్ల తేడా కంటికి కనిపిస్తుంది. తెలుగు లిపికి ఆ వీలు లేదు. పేరంతా ఒకే కొటేషన్ గుర్తుల మధ్య, పంక్తి విరగకుండా, మధ్యలో అడ్డగీత లేకుండా వేయండి. రెండోసారి పొట్టిగా రాయాలంటే ‘గొ. గొరిల్లా’ అని ప్రజాతినే కుదించాలి, జాతిని కాదు.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు