పసుపు పాలు తాగాను, బాగున్నాయి

సంపాదకులకు నమస్కారం.

పదకొండేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. మీ పత్రిక మడత విప్పడానికీ మా అబ్బాయి కావాలి. విప్పి ముందు పెట్టాడంటే మాత్రం సినిమా పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా ఏదీ వదలను.

మొన్న ఆదివారం అనుబంధంలో పసుపు పాలతో కీళ్లనొప్పులు మాయం అని రాశారు. సాయంత్రానికల్లా పక్కింటి పిన్నిగారు ఆ ముక్క కత్తిరించి, గ్లాసుతో సహా తెచ్చారు. తాగాను, బాగున్నాయి. కానీ వయసుతో కీలు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడే నా జబ్బు వేరు. ఇది ముప్పై ఏళ్లకే రావచ్చు. 2022లో నటి సమంత తన మయోసైటిస్ (రోగనిరోధక శక్తి కండరాల మీద పడే జబ్బు) గురించి చెప్పాకే ఇలాంటి జబ్బులుంటాయని మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలిసింది. అంతకుముందు నాది బద్ధకం!

మందులు మానేయమనే వ్యాసాలంటే నాకు నిజంగా టెన్షన్. ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఒక్క ఆదివారమైనా రాయండి.

ఇంకో మాట. రవీంద్రభారతిలోనో, త్యాగరాయ గానసభలోనో కార్యక్రమం ఉందంటే వేళ వేస్తారు, ప్రవేశం ఉచితం అని వేస్తారు. మెట్లెక్కకుండా లోపలికి దారుందో లేదో కూడా ఒక ముక్క వేస్తే, వెళ్లాలో మానాలో ఇంట్లోనే తేల్చుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్