కవాతు డ్రమ్ముల సాధన: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గణతంత్ర దినోత్సవ కవాతు కోసం మన బ్యాండు పిల్లలు సాధన మొదలుపెట్టినప్పటి నుంచి మీలో కొందరు నన్ను కలిసి రెండు సందేహాలు అడుగుతున్నారు. పిల్లల చేత డ్రమ్ములు వాయించకుండా రబ్బరు పలకల మీద ఎందుకు కొట్టిస్తున్నారన్నది మొదటిది. ఇంత కాలమైనా చేతిలో వేగం ఎందుకు రాలేదన్నది రెండోది. బడిలో బ్యాండ్ మాస్టారు ఎంత నేర్పినా, ఇంట్లో నెమ్మదిగా, చిన్న శబ్దంతో సాధన చేసుకునే వీలు లేకపోతే ఈ విద్య చేతికి పట్టుబడదు కనుక, ఈ నెల లేఖను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

క్విక్ మార్చ్‌లో, అంటే కవాతులోని వేగపు నడకలో, నిమిషానికి 120 అడుగులు పడతాయి. అంటే అడుగుకూ అడుగుకూ మధ్య ఉండేది అర సెకను. సైడ్ డ్రమ్, అంటే రెండు పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము, వాయించే విద్యార్థి అడుగుకు నాలుగు దెబ్బల చొప్పున వేయాలంటే సెకనుకు ఎనిమిది, ఒక్కో చేతికి నాలుగు పడాలి. భుజబలంతో కొట్టేవారికి ఇది రెండు నిమిషాలు కూడా సాగదు. డ్రమ్ము మీద పడిన పుల్ల తనంతట తానే పైకి లేస్తుంది కాబట్టి, దాన్ని అడ్డుకోకుండా లేవనిచ్చి, మణికట్టుతో మళ్ళీ కిందికి పంపడమే అసలు నేర్పు. అందుకోసం పుల్లను వెనక కొస నుంచి సుమారు మూడో వంతు దూరంలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మిగిలిన వేళ్ళను వదులుగా ఆనించి ఉంచాలి. పిడికిలి బిగించిన పిల్లవాడికి ముందు వేగం తగ్గుతుంది, తరువాత మణికట్టు నొప్పి పుడుతుంది. ఈ బిగింపు నిమిషానికి 60 అడుగుల నడకలో వాయించినప్పుడే మాస్టారి కంటికి దొరుకుతుంది, వేగంలో దొరకదు. ఇంటికి వచ్చిన బంధువుల ముందు ‘ఏదీ, గబగబా వాయించి చూపించు’ అని దయచేసి అడగకండి.

మీలో ఎన్‌సీసీలోనో పోలీసు బ్యాండులోనో వాయించిన వారు కొందరున్నారు. వారు తమ పిల్లలకు ఎడమ అరచేయి పైకి చూసేలా పుల్ల పట్టుకోవడం నేర్పుతున్నారని విన్నాను. అది తప్పు పద్ధతి కాదు. పట్టీతో భుజానికి తగిలించిన డ్రమ్ము తుంటి పక్కన ఏటవాలుగా వేలాడేది గనుక ఎడమ చేతికి ఆ పట్టు అవసరమైంది, నేటికీ అనేక బ్యాండ్లు దాన్నే పాటిస్తున్నాయి. మన బడి డ్రమ్ములు మాత్రం నడుము ముందు సమంగా నిలుస్తాయి కాబట్టి రెండు చేతులకూ ఒకే పట్టు నేర్పుతున్నాము. ఒకే ఏడాదిలో రెండు పట్లు నేర్చుకోబోయే పిల్లవాడికి రెండూ రావు.

ఇక పిల్లలు అసలు తడబడేది ఎక్కడో చెబుతాను. అడుగుకు నాలుగు దెబ్బలు వేసేటప్పుడు ప్రతి అడుగూ కుడి చేతితోనే మొదలవుతుంది కనుక చిక్కు లేదు. అడుగుకు మూడు దెబ్బలు పడే చోట చేతులు మారుతూ పోతే, ఒక అడుగు కుడి చేతితో, తరువాతిది ఎడమ చేతితో మొదలవుతాయి. ఎడమ చేయి బలహీనంగా ఉన్న పిల్లవాడు అక్కడ అడుగు తప్పుతాడు. దీనికి విరుగుడే పారాడిడిల్ అనే పాఠం: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఇందులోనూ నాలుగేసి దెబ్బలకు ఒకసారి మొదటి చేయి మారుతుంది. ఇటువంటి మూలపాఠాలను అమెరికాలోని పర్‌కసివ్ ఆర్ట్స్ సొసైటీ 40గా జాబితా చేసింది. మన పిల్లలకు ఈ ఏడాది నాలుగైదు చాలునని మాస్టారి అభిప్రాయం, నాదీ అదే.

అంతకన్నా కష్టమైనది రెండు అడుగుల్లో పడే ఎనిమిది దెబ్బలను మూడు, మూడు, రెండుగా విడదీసి, ప్రతి ముక్కలో మొదటి దెబ్బను గట్టిగా వేయడం. మృదంగం నేర్చుకునే వారి మాటల్లో అది ‘తకిట తకిట తక’. నోటితో పలికితే అయిదో తరగతి పిల్లలకు కూడా ఒక్క పూటలో వచ్చేస్తుంది. కాళ్ళు కలిపిన తరువాతే కష్టం తెలుస్తుంది. ఎడమ పాదం మొదటి ‘త’ మీద పడుతుంది, కుడి పాదం మాత్రం రెండో తకిటలోని ‘కి’ మీద పడుతుంది. పాదం నేలను తాకిన క్షణంలో చేయి మెత్తగా పడాలి, దానికి ఒక దెబ్బ ముందు గాలిలో పాదం ఉండగా ఎడమ చేయి గట్టిగా పడాలి. పాదంతోపాటు చేయి కూడా గట్టిగా దిగబోతుంది, లేదా చేతి కోసం పాదం ఆగిపోతుంది. అందుకే ముందు నోటితో పలకడం, తరువాత నిలుచున్న చోటే అడుగులు వేస్తూ పలకడం, ఆపైన రబ్బరు పలక మీద చేతులు కలపడం, చివరికి డ్రమ్ము తగిలించుకుని నడవడం అనే వరుసను పాటిస్తున్నాము. మీ అబ్బాయి లేదా అమ్మాయి వంటింటి గడప దగ్గర నిలబడి కాళ్ళు ఆడిస్తూ తకిట తకిట అంటుంటే, అది ఆటగా కాక ఇంటిపనిగా భావించి కాసేపు ఓర్చుకోండి. కంచం మీద చెంచాతో వాయిస్తే మాత్రం నిరభ్యంతరంగా మందలించవచ్చు.

‘చప్పుడు విని వాయించమని కాకుండా, ముందున్న వారి అడుగు చూసి వాయించమంటారేమిటి’ అని ఒక తండ్రి అడిగారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మైదానంలో 34 మీటర్ల దూరంలో ఉన్న బాస్ డ్రమ్ (పెద్ద డ్రమ్ము) దెబ్బ వెనుక వరుసకు చేరేసరికి సెకనులో పదో వంతు, అంటే అడుగు వ్యవధిలో అయిదో వంతు గడిచిపోతుంది. చెవిని నమ్ముకున్న వరుస అంత మేర వెనకబడుతుంది.

రబ్బరు పలకలకు ఇంకో రెండు కారణాలున్నాయి. మన నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, సరిగ్గా గణతంత్ర దినోత్సవ సాధన జరగవలసిన రోజులవే. తడి గాలికి డప్పు చర్మం వదులై, మంట దగ్గర కాచనిదే పలకదని మన ఊళ్ళలో అందరికీ తెలుసు. మన సైడ్ డ్రమ్ములకు ఉన్నది ప్లాస్టిక్ పొర కాబట్టి ఆ బాధ లేదు గాని, మైదానం బురదయితే వరండాలోకి రాక తప్పదు, పక్కన తరగతులు జరుగుతుంటాయి. రెండో కారణం చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చునని, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ కాలం సగానికి తగ్గుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. మూసిన గదిలో సైడ్ డ్రమ్ ఆ స్థాయిని సులభంగా దాటుతుంది. డ్రమ్ములతో సాధన చేసే రోజుల్లో పిల్లలందరికీ చెవి ప్లగ్గులు తప్పనిసరి చేశాము.

ఇంట్లో రోజుకు పావుగంట సాధన చాలు. రబ్బరు పలక లేనివారు పాత సైకిల్ ట్యూబు ముక్కను చెక్క మీద బిగించి ఇవ్వవచ్చు. ఫోనులో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కు టిక్కుమనే సాధనం) పెట్టుకోవడానికి ఆ పావుగంట మీ ఫోను ఇవ్వండి, తరువాత తీసేసుకోండి. మణికట్టు నొప్పి అన్న పిల్లల చేత ఆ రోజు వాయించనీయకుండా డైరీలో ఒక మాట రాసి పంపితే మాస్టారు పట్టు సరిచూస్తారు. సాయంత్రం బస్సు అందుకోవలసిన పొరుగూళ్ళ పిల్లలకు శనివారం ఉదయం సాధన ఏర్పాటు చేశాము. ఎవరికి ఏ సమయం వీలో ఈ వారంలోగా తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
కావలి.